తాటాకు, రాగిరేకు

మాఘ ఫాల్గుణ మాసాల్లో గుంటూరు మిరపకల్లాలు ఎలా ఉంటాయో మీరు ఎరుగుదురు గదా! నేలంతా ఎరుపే. దారిన పోయేవారికి తుమ్ములే తుమ్ములు. అక్కడినుంచి పొన్నూరు, బాపట్ల మీదుగా సముద్రం వైపు పోతే నల్లరేగడి పోయి ఇసుకనేల వస్తుంది, తాటిచెట్లు కనిపిస్తాయి. ఆ వైపున ఉన్న పాత రేవే నిజాంపట్నం.

ఒక తాటిచెట్టు కింద కాస్త ఆగుదాం. పూర్వం మన పుస్తకాలు ఈ ఆకులే. ఇనుపగంటంతో ఆకుమీద అక్షరాలు గీసేవారు. గీత పడేది గాని కంటికి సరిగా ఆనేది కాదు. అందుకని మసి పూసి, గుడ్డతో తుడిచేవారు. పైనున్న మసి పోయేది, గాడిలోది నిలిచేది. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి.

1606లో డచ్చివారు ఈ రేవులో వర్తకశాల పెట్టారు. పెద్దపల్లి అనే ఊరి పాత పేరు వారి నోట పేటపోలి అయింది! వారికి కావలసినవి మన నూలుబట్టలు. అంతకు నూరేళ్ళ కిందట, వారి దేశంలోని లైడెన్ పట్టణంలో లూకాస్ అనే కుర్రవాడుండేవాడు. తండ్రి చిత్రకారుడు. లూకాస్ 1494లో పుట్టాడంటారు. అదే నిజమైతే, 1508 అని తేదీ వేసి రాగిరేకుమీద బొమ్మ చెక్కేనాటికి అతనికి పధ్నాలుగేళ్ళే!

నున్నని రాగిరేకుమీద సన్నని ఉక్కు ఉలితో గీతలు చెక్కుతారు. గాడుల్లోకి సిరా పట్టించి, పైన తుడిచేస్తారు. చూశారా, మన తాటాకు పద్ధతే! అయితే ఇక్కడితో ఆగరు. తడికాగితం పరచి గట్టిగా నొక్కితే బొమ్మ కాగితంమీదికి వస్తుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. తాటాకు పుస్తకానికి ఇంకో ప్రతి కావాలంటే మళ్ళీ మొదటినుంచీ రాయాలి. రాగిరేకుకు మళ్ళీ సిరా పూస్తే చాలు.

లూకాస్ బొమ్మల్లో నాకు మహా ఇష్టమైనది 1510 నాటిది. అందులో దేవతలు లేరు, రాజులు లేరు. ఆవులు, పాలు పితికే పిల్ల, ఒక పాలేరు, అంతే. శ్రీకృష్ణదేవరాయలు మన కొండవీడు కోట పట్టుకోవడానికి అయిదేళ్ళు ముందటి బొమ్మ అది.

1521లో డ్యూరర్ అనే గొప్ప జర్మను చిత్రకారుడు లూకాస్‌ను కలిసి, అతని రూపం గీశాడు. చివరి ఏళ్ళలో లూకాస్ జబ్బుతో మంచం పట్టినా, పడుకునే చెక్కేవాడని 1604లో అతని కథ రాసిన వాన్ మాండర్ చెప్పాడు. లూకాస్ 1533లో చనిపోయాడు.

ఎండిన తాటాకు దొరికితే, పెద్దలను అడిగి, సూదితో ఒక ఆవును గీసి మసి పూసి తుడవండి. ముందు కొమ్ములు తేలతాయో, తోక తేలుతుందో చూడండి.