రెండవ పాట

మా అమ్మాయికి పదునాఱేండ్లు. ఆఱేండ్లు కూచిపూడి నేర్చినది. నిరుడు పాఠశాల వార్షికోత్సవమునాడు నాట్యము మాని, ర్యాప్ అనెడి పాట యొకటి తానే కట్టి తానే చదివినది. అరసవల్లిలో రథసప్తమినాటి రద్దీ, క్షీరాభిషేకమునకు వరుసలో నిలిచినవారి తగవులు, పుష్కరిణి మెట్లపై తప్పిపోయిన చెప్పులు, అన్నియు నందులో నున్నవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. "ఇది సంగీతమా, సంతలో కేకలా?" అని గొణిగిన మావారే యింటికి వచ్చి రెండుమాఱులు చదివించుకొనిరి.

చిక్కంతయు రెండవ పాటతో వచ్చినది. అది నన్ను గూర్చినది. మా తండ్రిగారు నన్ను బడికి బంపక, ఇంటనే భారత భాగవతములు చెప్పించిరి. అమ్మ నోట పదునెనిమిది పర్వము లున్నవి గాని పెట్టెలో నొక్క సర్టిఫికెట్టును లేదనియు, పరీక్షకు గట్టవలెనన్న తలంపైన నామెకు రాలేదనియు ఆ పాట సారము. దానిని బంధువుల పెండ్లిలో చదివినది. ఒక్కరును మెచ్చలేదు. మొదటిదే బాగుండెనని కొందఱు. ఇంటిగుట్టు పందిట బెట్టినదని మా యాడుబిడ్డ. నాకును గ్రుచ్చుకొన్నది. మూడు దినములు దానితో ముక్తసరిగా మాటాడితిని.

నాలుగవనాడు మధ్యాహ్నము నేను చింతపండు ఈనెలు తీయుచుండగా, ఫోను తెచ్చి నా ప్రక్కన గూర్చుండి, "ఈమె మన తెలుగామెయే, ఒక్కసారి వినమ్మా" అన్నది.

రాజకుమారి యనునది ఆ గాయని రంగస్థలనామము. అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. ఆంధ్రదేశమునుండి వెళ్లిన తల్లిదండ్రులకు 1986 లో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంటున జన్మించినది. కూచిపూడి, భరతనాట్యము, ఒడిస్సీ మూడును నేర్చినది. అయిదవ తరగతిలో నుండగా ఫ్యూజీస్ బృందమువారి 'ది స్కోర్' విని హిప్‌హాప్‌పై మనసు పడినదట. పెద్దదైన పిమ్మట ఇగ్గీ అజేలియా, ఫిఫ్త్ హార్మనీ మొదలగువారి పాటల రచనలో పాలుపంచుకొన్నది. 2016 లో 'ది కమప్' అను తన తొలి చిన్న సంపుటము, 2017 లో బొంబాయి డివైన్‌తో 'సిటీ స్లమ్స్', 2019 లో రెండవ సంపుటము 'బ్లడ్‌లైన్'.

ఈ విద్యలో ప్రొడ్యూసరనగా సినిమాలలోవలె సొమ్ము పెట్టువాడు కాడట. పాత రికార్డుల తునుకలను, డోలు దెబ్బలను, యంత్రధ్వనులను గలిపి పాటకు నేల పఱచువాడు. దానిపై మాట నడచును. దీని పుట్టుకను 1973 ఆగస్టు 11 నుండి లెక్కింతురు. ఆనాడు న్యూయార్కులోని బ్రాంక్సులో సిండీ క్యాంబెల్ అను పడుచు, బడికి క్రొత్త బట్టలు కొనుటకు సొమ్ము కావలెనని విందు జరిపి, అన్న కూల్ హెర్కుచే రికార్డులు వాయింపించినది. చరిత్రలలో అన్న పేరే పెద్దదిగా నుండుట మనకు వింత గాదు.

మాటను తాళముపై నడుపుటయు మనకు క్రొత్త గాదు. మా ప్రాంతపు తప్పెటగుళ్లవారు ఱొమ్మున గట్టిన తప్పెటలు వాయించుచు, గజ్జెలతో నెగురుచు కృష్ణకథ చెప్పుట చిన్ననాట జూచితిని. రాజకుమారి పాటలో నట్టువాంగపు జతినడక తెలియుచునే యున్నది. 'షుక్' అనుదానిలో నాకు ఆర్భాటమే హెచ్చుగా దోచినది. ఇంగ్లీషు మాటలు సగము పట్టలేదు. కాలు మాత్రము తాళము వేసినది.

"బ్లడ్‌లైన్ అనగా నేమే?" అంటిని.

"రక్తసంబంధము."

"కాదు, వంశధార." మన జిల్లా యేటి పేరే! అది పకపక నవ్వి పుస్తకమున వ్రాసికొన్నది.

ఆ సంపుటములో బొట్టు గాజుల పేరనే యొక పాట గలదు. అది వెలువడిన యేటనే రాజకుమారి ఎమ్.టి.వి. వారి 'హసిల్' పోటీకి న్యాయనిర్ణేతలలో నొకతెగా గూర్చుండినది. అయినను నిండు సంపుటము 'ది బ్రిడ్జ్' 2023 లో గాని రాలేదు. మొదటిదానికి ఎవ్వరును ఏమియు గోరి కూర్చుండరు. రెండవదానికి కొలబద్ద సిద్ధముగా నుండును. తిక్కన సోమయాజియంతవాడే నన్నయగారు విడిచిన అరణ్యపర్వశేషమును ముట్టక విరాటపర్వముతో నారంభించెను. పెద్దలు కారణములు పలువిధముల జెప్పుదురు.

అప్పుడు నోరు విప్పితిని. "నీ పాటలో నొక తప్పున్నది తల్లీ. పరీక్ష తలంపు నాకు రాలేదని వ్రాసితివి. దరఖాస్తు నింపితిని. నీవు కడుపున నుండగా."

ఫీజు సొమ్ము పురిటిఖర్చులో గలిసిపోయినది. ఆ కాగితము నా పెట్టె యడుగున పట్టుచీర మడతలో నేటికిని గలదు. మావారికి తెలియదు. (ఈ పత్రిక మా యింటికి వచ్చునప్పటికి తెలిసియే యుండును.) అమ్మాయి దానిని తీయించి, చదివి, చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆ చరణము కొట్టివేసి వేఱొకటి వ్రాసినది. చదువగా నడక కుంటినది. "ఒక మాట తగ్గింపు" మంటిని. తగ్గించినది.

ఆదివారము మావారి యెదుట చదువునట. ఆడుబిడ్డనుగూడ పిలువుమని చెప్పితిని.