పదికి నాలుగొచ్చినా హీరోనే!

క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లకు బేస్‌బాల్ ఓ పట్టాన కొరుకుడుపడదు. కొడుకును చూసేందుకు బోస్టన్ వెళ్లిన ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారిదీ అదే అవస్థ. ఆ ఆదివారం కొడుకూ మనవడూ ఆయన్ను ఫెన్‌వే పార్కుకు తీసుకెళ్లారు. 1912లో మొదలైన మైదానమది. ఎడమవైపు 37 అడుగుల ఆకుపచ్చ గోడ. దానిమీది స్కోరుబోర్డు అంకెల్ని ఇప్పటికీ మనుషులే మారుస్తారు.

'ఒక్కడూ సరిగ్గా కొట్టడేమిట్రా?' విసుక్కున్నారు మాస్టారు.

'మూడు స్ట్రైకులైతే అవుట్ తాతయ్యా. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. అలా తొమ్మిది ఇన్నింగ్స్' వచ్చీరాని తెలుగులో ఓపిగ్గా చెప్పాడు మనవడు. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొడితే చాలు, మంచి బ్యాటర్ కిందే లెక్కట. ఇదే జట్టుకు ఆడిన టెడ్ విలియమ్స్ 1941లో సాధించిన సగటు .406. అంటే... పదింట దాదాపు ఆరుసార్లు విఫలమైనట్లే! అయినా ఆ సీజన్‌ను అభిమానులు నేటికీ గొప్పగా చెప్పుకుంటారు.

మాస్టారు ఆలోచనలో పడ్డారు. పదికి పది రాకపోతే పిల్లల్ని నిలబెట్టి కడిగేసిన మనిషాయన. ముందురోజు రాత్రి మనవడి లెక్కల మార్కులు చూసి ముఖం ముడుచుకున్నదీ ఆయనే.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఆనవాయితీగా జనమంతా లేచి పాట అందుకున్నారు. మాటలు తెలియకపోయినా మాస్టారూ లేచారు. మనవడి భుజమ్మీద చెయ్యేసి మెల్లగా అడిగారు...

'ఇంతకీ ఆ లెక్క ఎక్కడ తప్పిందిరా? రేపు ఇద్దరం కలిసి చూద్దాం.'