కోటని కాదు, చెట్టుని చూడండి

మా అనకాపల్లి వాళ్లకి కొయ్యబొమ్మలు కొత్తేం కాదు. లక్కబొమ్మల ఏటికొప్పాక మా జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉంది. అందుకేనేమో, విజయవాడ దగ్గరి కొండపల్లి వెళ్లినప్పుడు కోట కన్నా దాని చుట్టూ ఉన్న అడవి మీదే నా మనసు పోయింది.

కోట సామాన్యమైనదేం కాదు. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో కట్టింది. ఆ తర్వాత గజపతులు ఏలారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో దాన్ని గెలుచుకున్నాడు. ఆపైన కుతుబ్‌షాహీలు, నిజాం, చివరికి 1766లో ఇంగ్లీషువాళ్లు. ఇన్ని చేతులు మారాక ఇప్పుడు మిగిలింది మూడంతస్తుల రాతి బురుజూ, పడిపోయిన గోడలూ.

మరి కొండపల్లి పేరు మనిళ్లలో ఇంకా ఎందుకు వినిపిస్తోంది? ఆ కొండల్లో పెరిగే తెల్లపొణికి చెట్టు వల్ల. దాని కొయ్య తేలిక, మెత్తన. సెగ చూపించి తేమ పోగొడతారు. ఏనుగు, అంబారీ, మావటి ఇలా ఏ భాగానికి ఆ భాగం చెక్కి, చింతపిక్కల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూశాక రంగులేస్తారు. ఆ రంగుల పనిలో ఇంటి ఆడవాళ్ల చెయ్యీ ఉంటుంది.

"రాజులు పోయారు కదమ్మా, మరి ఏనుగులు ఎవరికి చేస్తున్నారు?" అంది మా అమ్మాయి.

"మనకేనే," అన్నాను.

కానీ మనకి కావాలంటే చెట్టు ఉండాలి. పొణికి కొయ్య దొరకడం కష్టమవుతోందని అక్కడి కళాకారులు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. ఏటికొప్పాకకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అయితే అంకుడు చెట్టు లేకపోతే ఆ గుర్తింపుని ఏ కొయ్య మీద చూసుకుంటాం? చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది. నరకడానికి ఒక పూట చాలు.

అందుకే పిల్లల్ని కోటకి తీసుకెళ్తే రాజుల పేర్లతో పాటు పొణికి, అంకుడు అన్న పేర్లు కూడా చెప్పండి. బొమ్మ కొనేటప్పుడు ఏ కొయ్యతో చేశారో అడగండి. రాజుల పేర్లు పరీక్షకి పనికొస్తాయి. చెట్ల పేర్లు గుర్తున్నంత కాలమే మన బొమ్మల కొలువులో ఆ ఏనుగు ఉంటుంది.