తేడా డబ్బులు

పట్టుచీర కొన్న మర్నాడే, అదే కొట్లో అదే చీర ఐదొందలు తక్కువకి పక్కింటావిడ కొనుక్కొచ్చి మన గుమ్మంలో నిలబడి మడత విప్పి చూపించిందనుకోండి. ఆ పూట మనింట్లో వంట కుదురుతుందా? కుదరదు. కూరలో ఉప్పు ఎక్కువవుతుంది, లేదా పప్పు అడుగంటుతుంది. చీర మారలేదు. అంచు మారలేదు. నిన్న రాత్రి దాన్ని చూసి మురిసిపోయిన కళ్ళూ అవే. మారిందల్లా ధర ఒక్కటే. అదీ మనకు తెలియకపోతే ఏ బాధా లేదు.

చీర సంగతి ఐదొందలతో పోతుంది. విమానం టికెట్టు సంగతో?

2024 మే నెలలో మా అమ్మాయి డల్లాస్‌లో ఎమ్మెస్ పట్టా పుచ్చుకోవాలి. "నేను నల్లగౌను వేసుకుని స్టేజీ ఎక్కేటప్పుడు కింద మీరిద్దరూ ఉండాలమ్మా" అంది ఫోన్లో. అంతే, నాకు నిద్రపట్టలేదు. దాచేపల్లి నుంచి హైదరాబాదు పోవడానికి వాడపల్లి దగ్గర కృష్ణ దాటగానే "ఇంకెంత దూరమండీ" అని అడిగే మనిషిని నేను. నడికూడి స్టేషన్లో రైలెక్కితే పులిహోర పొట్లాలు నాలుగు కట్టుకునే మనిషిని. అటువంటిదాన్ని సముద్రాలు దాటి వెళ్ళాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ అర్థం కాదు. మావారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. నా నవలల మీద వచ్చేది పోపుల డబ్బాలో పడితే మళ్ళీ కనబడదు. అందుకని మా అత్తగారు, తన పేరున ఉన్న రెండెకరాల్లో పండి, గుంటూరు కోల్డ్ స్టోరేజిలో ఉన్న మిరపకాయల టిక్కీలు అమ్మించారు. "మనవరాలు చదివింది, మీరు చూసి రాండి" అన్నారు. ఆవిడ ఒంటి మీద ఎండా, చేతులకు కారం మంటా ఎక్కించుకున్న డబ్బది. నోటు పట్టుకుంటే తుమ్మొస్తుందా అనిపించింది.

మా బజార్లో ఒక కుర్రాడున్నాడు. జిరాక్సు, ఆధార్ కాగితాలు, బస్సు, రైలు, విమానం అన్నీ ఒకే బల్ల మీద చేస్తాడు. నాకు చుట్టరికం లేదు గానీ, మా గడపలో ఆడుకుని పెరిగినవాడు. "పిన్నీ" అంటాడు. వాడు కంప్యూటర్లో చూసి, "మేలో అక్కడ పట్టాలిచ్చే రోజులు, ఇక్కడ సెలవుల రోజులు. పోనుపోను పెరుగుతాయి పిన్నీ, ఇప్పుడే తీసుకుంటే మంచిది" అన్నాడు. ఫిబ్రవరిలో తీసేసుకున్నాం. మనిషికి లక్షా ఇరవై నాలుగు వేలు, రానూపోనూ. ఇద్దరికీ రెండు లక్షల నలభై ఎనిమిది వేలు. ఆ కాగితాలు దేవుడి పటం వెనక పెట్టాను.

పందొమ్మిదో రోజు రాత్రి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, మీరు ఎక్కే విమానమే. ఇవాళ లక్షా మూడు వేలు చూపిస్తోంది."

దేవుడి పటం వెనక కాగితాలు నన్ను చూసి నవ్వినట్టనిపించింది. మనిషికి ఇరవై ఒక్క వేలు! ఇద్దరికీ నలభై రెండు వేలు! అదే విమానం, అదే కుర్చీ, అదే చల్లటి ఉప్మా.

"అడిగితే ఇస్తారమ్మా. మొన్న నేను న్యూయార్క్ టికెట్టు కొన్నాక ధర తగ్గితే, ఆ తేడా అరవై డాలర్లు వెనక్కిచ్చారు" అంది.

ఇక చెప్పాలా? మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచీ తెరవకముందే వెళ్ళాను. అప్పటికే అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందే, "ఏం నాయనా, టికెట్టుకి ఎంత మిగుల్చుకున్నావు?" అనేశాను.

వాడి మొహం ఎర్రబడింది. మాట్లాడకుండా సొరుగు లాగి కాగితం తీసి నా చేతికిచ్చాడు. టికెట్టుకి వాడి రుసుం నాలుగు వందలు. మిగిలినదంతా విమానం కంపెనీకి పోయిందని అచ్చులో ఉంది. "ధర ఎప్పుడు తగ్గుతుందో తెలిస్తే నేనిక్కడ జిరాక్సులు ఎందుకు తీస్తాను పిన్నీ" అన్నాడు నెమ్మదిగా. నేను గొడుగు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఎండలో గొడుగు తెరవాలన్న సంగతి కూడా తోచలేదు.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర మొత్తుకున్నాను. "అన్యాయం కాదూ అత్తయ్యా? కొన్నాక తగ్గించారు. తగ్గించినవాళ్ళు తేడా ఇవ్వొద్దూ?"

ఆవిడ చింతపండు గింజలు తీస్తూ, "ఏందమ్మాయ్, నిరుడు మనం కాయలు అమ్మిన వారానికి ధర పడిపోలా? కొన్న సేటు వచ్చి మన గుమ్మంలో కూర్చుని, నాకు తేడా ఇయ్యమ్మా అనుంటే ఇచ్చేదానివా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఇవ్వను సరికదా, మంచినీళ్ళు కూడా ఇచ్చేదాన్ని కాదు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. టికెట్టు కొన్నాక ధర పెరిగి ఉంటే? నేను వెళ్ళి "బాబూ, తేడా తీసుకోండి" అనేదాన్నా? వీధి వీధంతా చెప్పుకుని తిరిగేదాన్ని, నా తెలివికి నేనే మురిసిపోతూ.

ఆ రాత్రి మావారు, నేను, ఫోన్లో మా అమ్మాయి కూర్చుని ఈ తేడాల శాస్త్రం చదివాం. నాకు తెలిసినంతలో చెబుతాను, మీకూ పనికొస్తుంది.

ఒకప్పుడు మన దేశంలో విమానం ధరంటే బియ్యం రేషను ధర లాంటిది. 1953లో విమానాలన్నీ ప్రభుత్వపరం అయ్యాయి. ఆ చట్టం 1994లో పోయింది. 2003లో తక్కువ ధరల విమానాలు మొదలయ్యాక సామాన్యులూ ఎక్కడం నేర్చారు. అమెరికాలో ధరల మీద ప్రభుత్వం పట్టు 1978లో పోయింది. ఆ రోజుల్లోనే అక్కడి కంపెనీలు ఒక కిటుకు పట్టుకున్నాయి. ఒకే తరగతి కుర్చీలను ఇంగ్లీషు అక్షరాల పేర్లతో గదులుగా విడగొట్టి, ఒక్కో గదికి ఒక్కో ధర పెట్టడం. కుర్చీ మెత్తన ఒకటే, అక్షరం వేరు. చౌక గది నిండితే మూసేసి ఖరీదు గది తెరుస్తారు. జనం రాకపోతే మూసిన చౌక గది మళ్ళీ తెరుస్తారు. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర ఉండదూ? అదే, కాకపోతే ఇక్కడ వేలంపాట పాడేది యంత్రం. మన రైల్వే వాళ్ళు కూడా 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళకి బెర్తులు నిండేకొద్దీ ధర పెంచే పద్ధతి పెట్టారు.

మరి మా అమ్మాయికి అరవై డాలర్లు ఎలా వచ్చాయి? అక్కడి పెద్ద కంపెనీలు 2020లో, కరోనా దెబ్బకి జనం విమానం మొహం చూడ్డం మానేసినప్పుడు, చాలా టికెట్ల మీద మార్పు రుసుము ఎత్తేశాయి. అందువల్ల ధర తగ్గితే పాత టికెట్టుని కొత్త ధరకి మార్చుకోవచ్చు. కానీ వచ్చేది రొక్కం కాదు, మళ్ళీ వాళ్ళ దగ్గరే వాడుకోవలసిన జమ. అన్నిటికన్నా చౌక రకం టికెట్టుకి చాలా చోట్ల అదీ ఉండదు. "అంటే డబ్బులు రాలేదన్నమాట, చీటీ వచ్చింది" అన్నాను. "అదేలే అమ్మా" అంది. ఆ "అదేలే" మాట ముందే అని ఉంటే నేను బజార్లో నోరు పారేసుకునేదాన్ని కాదు.

అమెరికాలో ఇంకో సదుపాయం ఉంది. ప్రయాణం ఏడు రోజులో అంతకంటే ఎక్కువో ఉండగా కంపెనీ దగ్గర నేరుగా కొంటే, 24 గంటల్లోపల రుసుము లేకుండా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ ధరని 24 గంటలు ఆపి ఉంచాలి. మన ప్రభుత్వం 2019లో ఇచ్చిన ప్రయాణికుల హక్కుల పత్రంలోనూ 24 గంటల మాట రాశారు. అందుకని టికెట్టు కొన్నాక ధర చూడాలనిపిస్తే ఆ మొదటి రోజే చూడాలి. పందొమ్మిదో రోజు చూస్తే వచ్చేది గుండెనొప్పి. 2016 ఆగస్టు నుంచి వచ్చిన నిబంధన మరొకటుంది. వాపసు లేని టికెట్టైనా సరే, రద్దు చేసుకుంటే అందులోని పన్నులూ విమానాశ్రయం రుసుములూ మన దేశపు కంపెనీలు వెనక్కి ఇవ్వాలి. చాలామంది "వాపసు లేదు" అన్న మాట చూసి ఆ డబ్బు అడగనే అడగరు.

ఇవన్నీ చదివి, మన టికెట్లకి ఏదీ వర్తించదని తేలేసరికి రాత్రి పదకొండైంది. ఇంతలో తలుపు చప్పుడు. ఆ కుర్రాడే! చేతిలో కాగితం.

"పిన్నీ, మీ టికెట్టు షరతులు పూర్తిగా చదివాను. తేడా ఇవ్వరు. కానీ రద్దు చేస్తే మనిషికి పదిహేను వేలు పట్టుకుని మిగతాది ఇస్తారు. కొత్తగా కొంటే ఇవాళ్టి ధర పడుతుంది."

మావారు సుద్దముక్క లేకుండానే లెక్క కట్టారు. ఇరవై ఒకటిలో పదిహేను పోతే ఆరు. ఇద్దరికీ పన్నెండు వేలు. నలభై రెండు వేలు కాస్తా పన్నెండు వేలైంది. పోనిద్దురూ, పన్నెండు వేలు మాత్రం పుట్టలో పెరుగుతున్నాయా?

అసలు చిక్కు అక్కడుంది. పాత డబ్బు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్త టికెట్లకి రెండు లక్షల ఆరు వేలు ఇప్పుడే కట్టాలి. మా దగ్గర లేవు. మిరపకాయలూ లేవు.

"నా కార్డు మీద తీస్తాను" అన్నాడు వాడు. పొద్దున నేనన్న మాట వాడికి గుర్తులేనట్టే అన్నాడు. గుర్తుందని నాకు తెలుసు.

ముందు కొత్తవి కొని తర్వాత పాతవి రద్దు చేద్దామన్నాను. "ఒకే పేరుతో ఒకే విమానంలో రెండు టికెట్లుంటే డూప్లికేటని వాళ్ళే ఎగరగొట్టే ప్రమాదం ఉంది పిన్నీ. ముందు పాతది తీసెయ్యాలి" అన్నాడు. చౌక గదిలో తొమ్మిది సీట్లు కనబడుతున్నాయన్నాడు. ఆ తెర మీద తొమ్మిదికి మించి చూపదట, ఎక్కువున్నా తొమ్మిదే. అదొక్కటే ధైర్యం. అప్పటికప్పుడు కొట్టు తెరిచి, పాతవి రద్దు చేసి, కొత్తవి వచ్చేదాకా నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ మా దగ్గర ఏ టికెట్టూ లేదు. మా అమ్మాయి స్టేజీ ఎక్కుతోంది, కింద కుర్చీలు రెండు ఖాళీగా ఉన్నాయి. పన్నెండు వేల కోసం ఇంత పని చేశానా అని ఒళ్ళు చల్లబడింది. కాగితం మిషన్లోంచి బయటికొచ్చాక గానీ ఊపిరి తీసుకోలేదు.

పాత డబ్బు ఇరవై ఆరో రోజున వచ్చింది. అన్నాళ్ళూ వాడు నన్ను ఒక్కసారి అడగలేదు. నేను మాత్రం వాడి కొట్టు ముందు నుంచి పోవాల్సొస్తే అవతలి సందులోంచి తిరిగి వెళ్ళాను. డబ్బు కట్టేసిన రోజున రుసుం ఎనిమిది వందలు బల్ల మీద పెడితే వెనక్కి తోశాడు. అప్పుడు కొట్లో నలుగురున్నారు. నేనన్నమాటా నలుగురి ముందే కదా అని, గొంతు పెంచి, "ఆ రోజు నేను తప్పుగా మాట్లాడాను నాయనా. నువ్వు రూపాయి ఎక్కువ తీసుకోలేదు" అన్నాను. జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దాయన నన్ను వింతగా చూశాడు. వాడు తలొంచుకుని, "అమెరికా నుంచి చాక్లెట్లు తీసుకురా పిన్నీ" అన్నాడు.

పన్నెండు వేలూ అత్తగారి చేతిలో పెట్టాను. కాయల డబ్బు కాయలకే చెందాలి కదా. ఆవిడ లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుని, "అమ్మిన సరుకు ధర మర్నాడు అడక్కూడదమ్మాయ్. అడిగితే అన్నం సయించదు" అన్నారు. ఆ మాట విమానానికే కాదు, చీరకీ, స్థలానికీ, పెళ్ళిసంబంధానికి కూడా వర్తిస్తుందని నాకనిపించింది. కానీ ఆ మాట అందరికీ చెప్పలేం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రపు మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని ధర కట్టి, అంతకు తక్కువగా అమ్ముకున్నవాళ్ళకి తేడా ఇచ్చే పథకం ప్రకటించింది. ఆ వార్త చదివి వినిపిస్తే అత్తగారు పని ఆపి విన్నారు. టికెట్టు తేడా నా సరదా ప్రయాణంలోది. కాయల తేడా రైతు ఏడాది తిండిలోది. రెండూ ఒక్క మాటతో కొట్టెయ్యకూడదని అప్పుడు తెలిసింది.

విమానం ఎక్కాం. ఇక ధరల మాటెత్తనని మావారి దగ్గర ఒట్టేశాను. నా పక్క సీట్లో నరసరావుపేట ఆవిడ. కొడుకు దగ్గరికి వెళుతోంది. ఊరూ పేరూ అయ్యాక, నేను భయపడుతున్న ప్రశ్న ఆవిడే అడిగింది.

"టికెట్టు మీకెంత పడిందండీ?"

చెవులు మూసుకుందామనుకున్నాను. నోరు మాత్రం ఆగలేదు. "లక్షా మూడు వేలండీ."

"అయ్యో! మాకు లక్షా నలభై పడింది" అందావిడ, చీర మడత చూసిన పక్కింటావిడలాగ మొహం పెట్టి.

అత్తగారి మాట గుర్తు చేసుకుని ఏమీ మాట్లాడలేదు నేను. కానీ, ఆ క్షణంలో నా మొహం ఎలా వెలిగిందో చూసి మావారు కిటికీ వైపు తిరిగి డల్లాస్ దాకా నవ్వుతూనే ఉన్నారు.