అరుగు మీద అజెండా

అసెంబ్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో మనం పూసగుచ్చినట్టు చెప్పగలం. మన మునిసిపల్ కౌన్సిల్ కిందటి నెల ఏం తీర్మానించిందని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. రోజూ మనకు తగిలేవి ఎక్కువగా ఆ తీర్మానాలే. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో పట్టణ పాలక సంస్థలకు 18 పనుల జాబితా ఒకటి ఏర్పడింది. తాగునీరు, రోడ్లు, చెత్త, వీధి దీపాలు, జనన మరణాల నమోదు, శ్మశానాలు అన్నీ అందులోవే. పుట్టగానే ఓ కాగితం, పోయాక కాస్త చోటు, ఈ రెంటి నడుమ కుళాయి నీళ్లు. ఇంత వ్యవహారానికి పత్రికల జిల్లా పేజీల్లో దక్కేది రెండు కాలమ్‌లు. అందులోనూ పోడియం దగ్గరికి ఎవరు దూసుకెళ్లారు, అజెండా ప్రతులు ఎవరు చింపారు అన్నదానికే సగం జాగా పోతుంది.

చింపని ప్రతి మా కౌన్సిలరమ్మ చేతిలో ఉంటుంది. సమావేశం అయిన సాయంత్రం ఆవిడ రామాలయం అరుగు మీద కూర్చుని మాకు జరిగింది చెబుతుంది. మా వార్డు అంశాలున్న పేజీల మూలలు మడిచి ఉంటాయి. ఆమోదం పొందిన వాటి పక్కన పెన్సిలుతో టిక్కు, వాయిదా పడ్డవాటి పక్కన సున్నా. అజెండా భాష మనబోటివాళ్లకు కొరుకుడు పడదు. "నిమిత్తం", "కొరకు", "గురించి" అంటూ వాక్యం అర పేజీ సాగి చివరికి కమిషనర్ వారి రిపోర్టు దగ్గర ఆగుతుంది. ఆవిడ దాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. "బాబాయ్, మన సందు కాలవకి డబ్బులు ఒప్పుకున్నారు. అప్పుడే సంబరపడకండి, టెండరు ఇంకా పిలవలా."

మొదట్లో ఆవిడ బదులు వాళ్లాయన మాట్లాడేవాడు. మన ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ స్థానాల్లో సగం ఆడవాళ్లకే రిజర్వు చేసినా, చాలాచోట్ల గొంతు మాత్రం ఇంకా మగవాళ్లదే. మా వీధి చివరి మామ్మ ఓ రోజు ఉండబట్టలేక, "ఓటు నీకేశామే అమ్మాయ్, నువ్వు చెప్పు" అంది. ఆ తర్వాత నుంచి ఆయన చెప్పుల దగ్గర నిలబడి వింటున్నాడు.

ఆ "సంబరపడకండి" అన్న మాట కోసమే నేను ఆ అరుగు దగ్గరికి వెళ్తాను. ఆమోదం కబురు ఎవరైనా తెస్తారు, ఫ్లెక్సీ కూడా తెస్తుంది. ఆమోదానికీ సిమెంటుకీ మధ్య ఎంత దూరముందో చెప్పేవాళ్లే అరుదు. ఇంజనీరు ఎస్టిమేటు వేయాలి, కౌన్సిల్ ఒప్పుకోవాలి, టెండరుకు ఎవరో ఒకరు రావాలి, అగ్రిమెంటు కావాలి, వర్క్ ఆర్డరు చేతికందాలి. పాత బిల్లులు రాని కాంట్రాక్టరు కొత్త టెండరు వైపు కన్నెత్తి చూడడు. ఇవన్నీ తెలిశాక కాలవ తొందరగా వస్తుందని కాదు. ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది. "మా కాలవ ఏమైంది?" అని అడిగితే "చూస్తాం" అంటారు. "రెండోసారి టెండరు ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగితే మునిసిపల్ ఆఫీసు గుమాస్తా ఫైలు తియ్యక తప్పదు.

చేదు కబుర్లు చెప్పాల్సి వచ్చిన సాయంత్రాలూ ఉన్నాయి. ఆస్తిపన్నును ఇంటి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కగట్టే పద్ధతి 2021లో రాష్ట్రంలోకి వచ్చింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి పెట్టినా, ఏటా అంత చొప్పున పెరుగుతూ పోతే ఎక్కడికి చేరుతుందో మా అరుగు మీద చిల్లర కొట్టు శెట్టిగారు నోటితోనే లెక్క కట్టేశారు. కౌన్సిలరమ్మ ముఖం చిన్నబుచ్చుకుని, "చట్టం పైనుంచి వచ్చింది, మా చేతిలో ఏముంది" అంది. అది తప్పించుకోవడమూ అవును, నిజమూ అవును. మన కౌన్సిళ్ల బలమెంతో, బలహీనత ఎంతో నాకు ఆ ఒక్క మాటలో తెలిసింది.

ఆవిడ చెప్పేదంతా వేదమని నేననను. పార్టీ మనిషి. తమవాళ్ల తప్పుల పేజీలు గబగబా తిప్పేస్తుంది. పక్క వార్డు కౌన్సిలరు వేరే పార్టీ. అదే సమావేశం ఆయన నోట వింటే మరో సమావేశంలా ఉంటుంది. అయితే ఇద్దరు చెబితేనే కదా మధ్యలో దాగినదేదో బయటపడేది!

అసలు చెప్పేవాళ్లే లేకపోతే? విశాఖపట్నంలో 2012లో పాలకవర్గం గడువు తీరాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. ఒకప్పుడు టంగుటూరి ప్రకాశం మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసిన రాజమండ్రిలో 2019లో కౌన్సిల్ గడువు తీరింది. 2021లో రాష్ట్రంలో నగర ఎన్నికలు జరిగినా ఆ ఊరి వంతు రాలేదు. అలాంటప్పుడు ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంది. పనులేమీ ఆగవు. ఫైళ్లు కదులుతాయి, రోడ్లు పడతాయి. గొడవల్లేవు గనక ఇంకా త్వరగానే పడుతున్నాయని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ అధికారి ఏ అరుగు మీదా కూర్చోనక్కర్లేదు. సంతకం పెట్టిన మనిషి మన వీధిలో ఉండడు, రేపు మన గుమ్మంలోకి ఓటుకు రాడు. నిర్ణయాలు ఎప్పటిలాగే జరిగిపోతాయి. అవి మనకు చెప్పుకోవాల్సిన అవసరం ఒక్కటే ఎవరికీ ఉండదు.

ఎన్నికలప్పుడు మా వీధికి వచ్చేవాళ్లందరూ కాలవలూ, లైట్లూ, పార్కులూ వాగ్దానం చేస్తారు. అవి వాళ్ల ఒక్కరి చేతిలో లేవని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. ఈసారి నేను అడగబోయేది పూర్తిగా వాళ్ల చేతిలో ఉన్నదే: "సమావేశమైన రోజు సాయంత్రం వచ్చి, సున్నాలు పెట్టిన పేజీలతో సహా చదువుతారా?"