రాసుకున్న పేరు ఎక్కడికి పోతుంది?

మన కొండ ఊళ్ళలో పేరు రాసుకోవడానికి రాని శాఖ లేదు. అంగన్‌వాడీ టీచరు రాసుకుంటుంది, ఆశా కార్యకర్త రాసుకుంటుంది. ఉపాధి హామీ వాళ్ళు, వెలుగు వాళ్ళు, ఐటీడీఏ వాళ్ళు, సచివాలయం వాళ్ళు రాసుకుంటారు. స్వచ్ఛంద సంస్థల వాళ్ళు వస్తే పేరుతో పాటు ఫొటో కూడా తీసుకుంటారు. ఇంతమంది రాసుకున్న పేరు ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు అని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న పెద్దగా పట్టకపోవచ్చు. తల దాచుకునే చోటు లేనివాళ్ళకు ఇది ఎంత పెద్ద ప్రశ్నో నేను సాలూరులో తెలుసుకున్నాను.

నాది జాతాపు కుటుంబం. ఆశ్రమ పాఠశాలలో చదివి, అలాంటి బడిలోనే టీచరునయ్యాను. టీచరంటే పాఠాలతో పాటు సర్వేలు కూడా. 2011 జనగణనలో నాకు సాలూరు పట్టణంలో ఒక భాగం అప్పగించారు. ఇళ్ళు తిరగడం అయ్యాక ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ళను లెక్కపెట్టాలి. రోడ్డు పక్కన, మెట్ల కింద, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద పడుకున్నవాళ్ళంతా ఆ లెక్కలోకి వస్తారు. దేశమంతటా ఆ లెక్కలో 17.7 లక్షల మంది తేలారు.

సాలూరు లారీల ఊరు. బాడీలు కట్టే షెడ్లు, మెకానిక్ షెడ్లు వరసగా ఉంటాయి. ఒడిశా ఘాట్ రోడ్డు ఎక్కే లారీలు ఇక్కడ ఆగుతాయి. ఆ షెడ్ల అరుగుల మీద, బస్టాండు చుట్టుపక్కల పడుకున్నవాళ్ళలో కొందరు కొండ దిగి వచ్చిన మనవాళ్ళే. ఒక సవర తాతను లేపి పేరు, వయసు, పుట్టిన చోటు అడిగి రాసుకున్నాను. అన్నీ చెప్పి ఆయన అడిగాడు: "రాసుకున్నారు గదా బాబూ, ఇల్లు ఇత్తారేటి?"

ఇవ్వరు తాతా, ఇది లెక్క మాత్రమే అన్నాను. శిక్షణలో మాకు చెప్పింది అదే. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఒక మనిషి గురించి రాసిన కాగితాన్ని ఇంకెవరికీ చూపకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లదు. అందుకే జనం భయపడకుండా నిజం చెబుతారు. కానీ ఆ తాత ఎక్కడ పడుకుంటున్నాడో తెలిసిన ఒకే ఒక్క కాగితం, ఆయనకు ఇల్లు ఇవ్వగలిగిన ఆఫీసుకు వెళ్ళదు. లెక్క కోసం రాసేది వేరు, సాయం కోసం రాసేది వేరు అని ఆ రాత్రి నాకు తెలిసింది. మొదటిది కదలకూడదు. రెండోది కదలకపోతే పనికిరాదు.

రెండోది ఎలా కదలాలన్నది మరో మనిషి వల్ల తెలిసింది. 2018 వానాకాలంలో మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రి సాలూరులో కనబడ్డాడు. పాచిపెంట వైపు కొండ ఊరు వాళ్ళది. వానలకు ఇంటి గోడ కూలింది. భార్య చిన్నబిడ్డతో పుట్టింటికి పోయింది, ఇతను లారీలకు సరుకు ఎత్తుతూ ఒక షెడ్డులో పడుకుంటున్నాడు. విడవని దగ్గు. పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది. మందులు ఉచితమే. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి క్షయ రోగులకు తిండి ఖర్చుకు నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేసే పథకం కూడా మొదలైంది.

అయితే ఆ డబ్బు కోసం, బియ్యం కోసం, కూలిన ఇంటి కోసం తిరిగిన ప్రతి చోటా అతను మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ ఊరు, ఏ కులం, ఇల్లు ఎందుకు వదిలావు, భార్య ఎక్కడ, రాత్రి ఎక్కడ పడుకుంటున్నావు. నాలుగో చోటు నుంచి బయటికి వచ్చాక అన్నాడు: "నా కత ఎన్నిసార్లు సెప్పాలి మేస్టారూ? ఈలంతా ఒకరితో ఒకరు మాటాడుకోరా?"

వారం తిరక్కుండా మాట్లాడుకున్నారు. ఎవరి నోటి నుంచి పోయిందో గానీ అతని జబ్బు సంగతి షెడ్డు యజమాని చెవిన పడింది. మర్నాడే దుప్పటి, సంచి బయట పెట్టేశారు. పని కూడా పోయింది. ఆసుపత్రిలో మందు కోసం చెప్పిన మాట, పడుకునే చోటు మీదికి వచ్చింది. ఏ మాట పంచుకోవాలో అది పంచుకోలేదు, ఏది దాచాలో అది ఊరంతా పాకింది.

సరిగా పంచుకుంటే ఎలా ఉంటుందో కూడా అతని విషయంలోనే చూశాను. క్షయ రోగి వివరాలు నిక్షయ్ అనే కంప్యూటర్ చిట్టాలో ఉంటాయి. ప్రతి రోగికీ ఒక నంబరు ఇస్తారు. అతను తిరిగి ఊరికి పోయినప్పుడు ఆ నంబరు మీదనే చికిత్సను దగ్గరి ఆరోగ్య కేంద్రానికి మార్చారు. ఎన్ని నెలల మందు అయింది, ఎంత మిగిలింది అన్నది అక్కడి వాళ్ళకు తెలిసింది. ఇల్లు ఎందుకు వదిలాడో ఎవరూ అడగలేదు. కోర్సు పూర్తయింది, మనిషి బతికాడు.

రేషన్ విషయంలోనూ అంతే. 2019 ఆగస్టులో మన రాష్ట్రానికీ తెలంగాణకూ మధ్య కార్డు పోర్టబిలిటీ మొదలైంది. ఇప్పుడది దేశమంతా ఉంది. హైదరాబాదు పనులకు పోయిన మన పిల్లలు అక్కడి షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. షాపువాడికి కావలసింది కార్డు నంబరు, ఇంకా ఎంత బియ్యం మిగిలి ఉంది అన్నది మాత్రమే. అంతకు మించి అక్కరలేదు.

అదే సమాచారం కోతకు కూడా అంతే వేగంగా పనిచేస్తుంది. మన రాష్ట్రంలో పథకాలకు సిక్స్ స్టెప్ వాలిడేషన్ పెట్టారు. భూమి, కారు, కరెంటు వాడకం, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, పట్టణంలో స్థలం, ఇవన్నీ ఆయా శాఖల చిట్టాల నుంచి ఆధార్ నంబరు మీద వచ్చి కలుస్తాయి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే అనర్హులు. 2021లో అదే పిల్లవాడి పేరు అమ్మఒడి అనర్హుల జాబితాలో కనబడింది. కారణం: కరెంటు. తండ్రి ఆధార్ నంబరు సాలూరులో ఎవరిదో మీటరుకు అతుక్కుని ఉంది. ఇల్లే లేకుండా తిరిగిన మనిషి పేరున 300 యూనిట్ల కరెంటు! ఆ సర్వీసు నంబరు నుంచి ఆధార్ విడదీయించడానికి ఆఫీసుల చుట్టూ చాలా తిరిగాం. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది కాబట్టి సరిచేయించగలిగాం. కారణం చదవలేని తల్లిదండ్రులు ఏం చేస్తారు?

మన పక్కనే ఉన్న కొటియా గ్రామాల్లో చాలా కుటుంబాలకు ఆంధ్ర కార్డూ ఉంది, ఒడిశా కార్డూ ఉంది. ఊరు ఎవరిదన్న తగవు రెండు రాష్ట్రాలది. రేపు రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోత పడేది మాత్రం ఆ కుటుంబాలకే. అందుకే పంచుకోవడం మంచిదా చెడ్డదా అంటే ఒక్క ముక్కలో జవాబు లేదు. దేనికి పంచుకుంటున్నారు అన్నది ముందు అడగాలి.

అమెరికాలో ఇల్లు లేనివాళ్ళకు సాయం చేసే సంస్థలు చాలా ఏళ్ళుగా ఒక ఉమ్మడి కంప్యూటర్ చిట్టా నడుపుతున్నాయి. ఒక ఆశ్రయంలో చెప్పింది మరో చోట మళ్ళీ చెప్పనక్కర లేకుండా చూడడం దాని లాభాల్లో ఒకటి. 2004లో దానికి జాతీయ నియమాలు వచ్చాయి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. ఏ సంస్థలతో పంచుకుంటారో చెప్పి సంతకం తీసుకునే పద్ధతి చాలా నగరాల్లో ఉంది. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక పారిపోయి వచ్చిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే సంస్థలు మాత్రం వాళ్ళ వివరాలు ఆ చిట్టాలో ఎక్కించకూడదని చట్టమే నిషేధించింది. ఆమె ఎక్కడ ఉందో భర్తకు తెలిస్తే ప్రాణానికే ముప్పు గదా.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అయితే ఒక పథకానికి ఇచ్చిన వివరాలను మరో పథకానికి వాడుకోడానికి ప్రభుత్వానికి ఆ చట్టం వీలిచ్చింది. కాబట్టి చట్టం వచ్చింది గదా అని మనం ఊరుకోలేం. అడగడం నేర్చుకోవాలి, అడిగితే చెప్పడమూ నేర్చుకోవాలి.

ఎందుకంటే ఇప్పుడు రాసుకునేవాళ్ళు పైనుంచి వచ్చినవాళ్ళు మాత్రమే కారు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు మన పిల్లవాడు. ఏఎన్ఎం మన చెల్లెలు. 2027 జనగణనకు కదిలే టీచర్లలో మనమూ ఉంటాం. అందుకని ఈ పుస్తకం చదివే మీకు నాలుగు మాటలు చెబుతాను.

పేరు రాసే ముందు ఇది లెక్క కోసమా, సాయం కోసమా అన్నది ఆ మనిషికి వచ్చిన భాషలో చెప్పండి. సవరలో అయితే సవరలో, కువిలో అయితే కువిలో. సాయం కోసమైతే ఈ కాగితం ఏయే ఆఫీసులకు పోతుందో చెప్పండి. పనికి కావలసినంతే రాయండి, జబ్బు సంగతి, సంసారం సంగతి పదిమందిలో అడగకండి. అనర్హుల జాబితాలో పేరు వస్తే కారణం చదివి వినిపించి, ఎక్కడ సరిచేయించుకోవాలో చూపించండి. ఒక్కసారి వెంట వెళ్తే ఇంకా మంచిది.

మా బడిలో పదో తరగతి పిల్లల చేత ఈ మధ్య ఒక పని చేయించాను. ఇంట్లో ఉన్న కార్డులన్నీ ముందు పెట్టుకుని, పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో చూసి రమ్మన్నాను. మర్నాడు చాలామంది ఏదో ఒక తేడా పట్టుకుని వచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ కార్డుకు ఎవరిదో ఫోను నంబరు ఉందని కనిపెట్టి, తనే సచివాలయానికి తీసుకెళ్ళి మార్పించింది. మీ బడిలో కూడా చేయించి చూడండి. ఒక్క పీరియడు చాలు.