దూలం కొలిచాకే ప్లాను

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఎవరైనా పాత మిద్దె తీసేస్తున్నారంటే నాకు కబురొస్తుంది. నేను బేల్దారి మేస్త్రిని. ఆ మిద్దెలో పనికొచ్చే సామానంతా జాగ్రత్తగా విప్పి, దానితోనే కొత్త ఇల్లు కడతాను.

విప్పడం పైనుంచి మొదలవ్వాలి. ముందు మిద్దె మీది మట్టి దించాలి. ఆ బరువు తీయకుండా దంతెను, అంటే దూలాల మీది అడ్డకర్రను, కదిలిస్తే కింద ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. తర్వాత దంతెలు, దూలాలు, ద్వారబంధాలు, చివరికి గోడలు. దూలం నడుమ ఎంత గట్టిగా ఉన్నా, గోడలోకి దిగిన కొసలు తడికీ చెదకీ మెత్తబడి ఉంటాయి. సుత్తితో తట్టి చప్పుడు వింటాను. డొల్లగా మోగినచోట ఉలి దించి చూస్తాను. చెడింది కోసేస్తే పన్నెండడుగుల దూలం పదిన్నరకు దిగొచ్చు. అందుకే సామాను కొలవందే గది వెడల్పు చెప్పను.

“పాతవి ఎందుకు మేస్త్రీ, కొత్తవే కొనేద్దాం” అంటారు ఇంటివాళ్లు. రెండు పాత ఇటుకలు తీసి ఒకదానికొకటి తాకిస్తాను. మంచి ఇటుక కంగుమంటుంది, గోటితో గీస్తే పొడి రాలదు. కట్టేముందు నానబెట్టాలి, లేదంటే సున్నంలోని నీళ్లు పీల్చేసి గోడకు పట్టు లేకుండా చేస్తుంది. పాత, కొత్త ఇటుకల కొలతలు కలవవు కాబట్టి ఒకే వరుసలో పెట్టను. విరిగిన ముక్కలు నేల గచ్చు కిందికి పోతాయి.

కప్పు విషయంలో నాకు దారి చూపింది లారీ బేకర్ పద్ధతి. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆయన కేరళలో స్థిరపడి, తక్కువ ఖర్చుతో ఎన్నో ఇళ్లు కట్టారు. స్లాబు నడుమ అడుగుభాగంలో కాంక్రీటు మోసే బరువు తక్కువ, అక్కడ లాగుడు తట్టుకునేది ఇనుమే. ఆయన పద్ధతిలో కడ్డీల నడుమ ఆ చోట పాత పెంకులు పరిస్తే సిమెంటు, ఇసుక మిగులుతాయి. కడ్డీలు మాత్రం కొత్తవే వేస్తాను. వంచి సాగదీసిన తుప్పు ఇనుమును నమ్మి మనుషుల నెత్తిన కప్పు వేయకూడదు.

ఇన్నేళ్లలో నాకు గట్టిపడిన నమ్మకం ఒకటుంది. సున్నంతో కట్టిన గోడలో ఇటుక తాపీతో తడితే చెక్కుచెదరకుండా ఊడొస్తుంది. సిమెంటుతో కట్టినదాన్ని విప్పబోతే ఇటుకే పగులుతుంది. తాతలు సున్నం వాడారు కాబట్టే వాళ్ల ఇటుక నా చేతికొచ్చింది. నేను ఈ రోజు కట్టే గోడ కూడా రేపటి మేస్త్రి విప్పుకోగలిగేలా ఉండాలి. వీలున్న గోడలన్నీ సున్నంతోనే లేపుతున్నాను, దగ్గరున్న కుర్రాళ్లకు సున్నం నానబెట్టడం, కలపడం నేర్పుతున్నాను.

పెన్నలో ఇసుకను, కొండల్లో రాయిని తవ్వుతూనే ఉన్నాం. అంతకుముందు తవ్వినది మన ఊళ్లలోనే గోడలై నిలబడి ఉంది. పాత ఇంటి మీదికి జేసీబీని పిలిచేముందు ఒక్క పూట మేస్త్రిని పిలిచి దూలాలు తట్టించండి.